గోడ సున్నం

హిందీ మాట్లాడే ఊళ్లో, తార్‌బహార్ రైల్వే క్వార్టర్లో వంటింటి గోడకు, ఆరేళ్ల రజిని చెయ్యి అందినంత మేరా సున్నం ఊడిపోయింది. ఆ పిల్ల గోళ్లతో గీరుకుని తినేస్తోంది. తల్లి బుజ్జమ్మ కొట్టి చూసింది, వేళ్లకు కారం రాసి చూసింది. మానలేదు. కడుపు ఉబ్బి, మొహం పాలిపోయాక ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నులిపురుగులకు మాత్రలు, రక్తానికి టానిక్కు రాసింది. "వట్టి మందులతో పోదమ్మా. భయపడ్డ పిల్లలు కూడా ఇలా తింటారు. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అని హిందీలో అడిగింది.

అలాంటివేమీ లేవంది బుజ్జమ్మ.

రజిని మాత్రం స్కూల్లో నేర్చిన హిందీలో చెప్పేసింది. "నాన్న అమ్మను కొడుతున్నప్పుడు తింటాను. నేను ఏడిస్తే అమ్మకు ఇంకా దెబ్బలు పడతాయి. నోరు నిండా ఉంటే ఏడుపు బయటికి రాదు."

డాక్టరమ్మ రాయడం ఆపి బుజ్జమ్మ వైపు చూసింది. బుజ్జమ్మ నవ్వేసింది. టీవీ చూసి కథలు అల్లుతోందని చెప్పి, చీటీ తీసుకుని లేచింది.

రిక్షా ఎక్కాక పిల్ల తొడ మీద గట్టిగా గిల్లింది. "ఇంట్లో మాట బయట సెప్తావేటే? మీ నాన్నకి తెలిస్తే మనల్ని బతకనిస్తాడేటి?"

 రజిని కళ్లనిండా నీళ్లు నిలిచినా పెదాలు బిగించుకుని కూర్చుంది. తన ముందు కూడా పిల్ల ఏడవడం మానేసిందని బుజ్జమ్మకు అప్పుడు తట్టింది.  దగ్గరికి తీసుకుందామనుకుంది. కానీ భర్త రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగే వేళవుతోంది. "జల్దీ చలో భయ్యా," అని రిక్షావాడిని తొందరపెట్టింది.