పచ్చి పాలకూర రసం

"ఉడికిస్తే సారమంతా పోతుందని ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" త్రిమూర్తులు కోడలి చేతిలోంచి పాలకూర కట్ట లాక్కున్నాడు.

"డాక్టరుగారు ఆకుకూరలు బాగా తినమన్నారు గానీ, పచ్చివి పిండి తాగించమన్నారా మామయ్యగారూ? అత్తయ్యగారికి విరేచనాలు మొన్ననేగా తగ్గాయి. పప్పులో వేస్తాను, ఇటివ్వండి." ఆమని కూడా పట్టు వదల్లేదు.

"యాంటీ ఆక్సిడెంట్లమ్మా! క్యాన్సర్ని మళ్ళీ గుమ్మం తొక్కనివ్వవు."

"దీనికన్నా ఆపరేషనే నయం," అంది కనకమహాలక్ష్మి హాల్లోంచి. అయినా ఆయన రసం తీసి తెచ్చాక ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది. మొగుడి మొహం చూస్తే ఆవిడకి కాదనబుద్ధి కాదు. నిరుడు ఆవిడకి రొమ్ము ఆపరేషనయ్యాక నాచారంలో కాలనీ అంతటికీ తనే ధైర్యం చెప్పి, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చిన మనిషి ఆయన.

రైల్వేలో రిటైరైన త్రిమూర్తులుకి ఇప్పుడిదే డ్యూటీ. పొద్దున్నే బస్సెక్కి ఉప్పల్ వెళ్ళడం, మార్కెట్ బయట కూర్చునే మల్లవ్వ దగ్గర ఆకుకూర కొనడం. మందు కొట్టని ఆకు కావాలని మొదటిరోజే అడిగి, ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. మందు లేని ఆకు గనక ఇంట్లో ఎక్కువ కడగనిచ్చేవాడు కాదు. ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి మిక్సీలో వేయడమే.

మర్నాడు మల్లవ్వ కూర్చునే చోట ఖాళీగా ఉంది. పక్కనామెని అడిగితే, ఇంకా మడి దగ్గరే ఉందని దారి చెప్పింది. తాజా ఆకు చేతికే అందుతుందని హుషారుగా నడిచాడు.

వాసన ముందొచ్చింది. తర్వాత కాలువ కనిపించింది. నల్లటి నీళ్ళమీద సబ్బునురుగులా తెల్లటి తెట్టు. మోటారు పైపు ఆ నీళ్ళనే మడిలోకి కక్కుతోంది. గట్టున మల్లవ్వ పాలకూర కట్టల్ని ఆ కాలువలోనే ముంచి, జాడించి, గంపలో పేరుస్తోంది.

"ఏంది సారూ, గింత దూరమొచ్చినవ్? జర ఆగు, కడిగిస్త."

"ఈ నీళ్ళతోనా?"

"మరి దేంతోని? బోరెండిపాయె. ఫ్యాక్టరీల నుంచి ఒచ్చే నీళ్ళే మాకు."

"మందు లేదని ఒట్టేశావు కదే!"

"అవ్, కొట్టలే. నీళ్ళ సంగతి ఎన్నడన్న అడిగినవా?"

ఆమె మొహంలో దాపరికమేమీ లేదు. త్రిమూర్తులు ఖాళీ సంచీతోనే వెనక్కి తిరిగాడు. ఆ కాలువనే గ్లాసులో పోసి, తన చేత్తో, బతిమాలి మరీ కనకం చేత తాగించాడు.

ఇంటికెలా చేరాడో ఆయనకే తెలీదు. కొడుకు పవన్‌కుమార్, ఆమని, కనకమహాలక్ష్మి ఇడ్లీలు తింటున్నారు.

"ఏమండీ, ఇవాళ నా విషం ఏదీ?" కనకమహాలక్ష్మి నవ్వింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. సంచీ ఖాళీగా ఉండటం ఆమని గమనించింది. ఆయన వంటింట్లోకి వెళ్ళి, మిక్సీ గిన్నె తోమి తోమి కడిగి, బోర్లించి వచ్చాడు.

"రసం ఆపేస్తున్నాను," అన్నాడు మెల్లిగా, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. "కూరలు ఇకనుంచి ఆమని చూసి కొంటుంది. ఎలా వండితే అలాగే తిందాం. కనకం, చీర మార్చుకో. డాక్టరు దగ్గరికి వెళ్దాం. నీ చేత ఏ నీళ్ళు తాగించానో నేనే చెబుతాను."