ఎరుపు తగ్గింది

వీధిలో అందరూ ఆవిడను డాక్టరక్క అంటారు. చదివింది ఐదో తరగతి, చేసేది కుట్టుపని, అయినా ఆ పిలుపు వినగానే ఆవిడ ముఖం చాటంత అవుతుంది. ఎవరికి ఏ నలత చేసినా ఆవిడ బీరువా మీది డబ్బా కిందికి దిగాల్సిందే. ఎవరెవరో వాడగా మిగిలిన మాత్రలు, లేపనాలు, సీసాలు అన్నీ అందులో ఉంటాయి. ఒక్కదాన్నీ పారేయదు. "మందుకి పాతేమిటి, కొత్తేమిటి! మనుషులే పాతబడతారు" అంటుంది. ఆ ధీమా చూసి డాక్టర్లే నోరు మూసుకోవాలి.

ఆవిడకు ఒక్కతే చెల్లెలు. తల్లి పోయేనాటికి దానికి ఆరేళ్లు. తల దువ్వి, తిట్టి, తినిపించి పెంచింది డాక్టరక్కే. ఇప్పుడు ఇద్దరూ ఒకే గదిలో కుట్టుకొట్టు నడుపుతున్నారు. అక్క కత్తిరిస్తుంది, మిషన్ తొక్కుతుంది. చెల్లెలిది రఫ్ఫు పని. కోటు మీద నిప్పురవ్వ పడి చిల్లి పడిందంటే, ఆ కోటు మడతలోంచే పోగులు లాగి, ఒక్కొక్కటే పైకీ కిందికీ అల్లి, చిల్లి ఎక్కడుండేదో సొంతదారుకే తెలియకుండా చేస్తుంది. దాని బతుకంతా ఆ రెండు కళ్లలోనే ఉంది.

ఒక సోమవారం పాత కంబళి దులుపుతుంటే చెల్లెలి కుడికంట్లో నలుసు పడింది. చేతిలో ఉన్న గుడ్డ కొసతోనే నలిపి నలిపి తీసుకుంది. మర్నాడు పొద్దున లేచేసరికి కన్ను ఎర్రబడి రెప్పలు అతుక్కుపోయాయి.

"పుసే కదే, దీనికింత కంగారా?" అని డాక్టరక్క గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిచింది. నిజమే, పొద్దున్నే కంటి మూలన కాస్త పుసి అందరికీ ఉంటుంది. కానీ ఇది పచ్చగా, చిక్కగా ఉంది. తుడిచిన గంటకే మళ్లీ ఊరుతోంది. కిటికీ తెరిస్తే చాలు, చెల్లెలు వెలుతురు భరించలేక ముఖం తిప్పేసుకుంటోంది. ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాల్సింది. డాక్టరక్క డబ్బా దింపింది.

అందులో తన శుక్లాల ఆపరేషన్ నాటి కంటిచుక్కలు మిగిలి ఉన్నాయి. మూత తీసి ఎనిమిది నెలలైన సీసా. "పెద్దాసుపత్రి మందే ఇది. నాకు చూపు తెప్పించింది, నీ నలుసొక లెక్కా?" అంటూ రోజుకు నాలుగుసార్లు వేసింది.

మూడోరోజుకల్లా ఎరుపు తగ్గింది. ఇక డాక్టరక్క కాలు నేల మీద ఆనలేదు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెల్లెలి గడ్డం పట్టుకుని మరీ చూపించింది. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"నొప్పెలా ఉందే?" అని రోజూ అడిగేది.

"తగ్గిందక్కా."

చెల్లెలు తల ఓరగా పెట్టి ఎడమకంటితో కుట్టడం అక్క చూసింది. ఎండ తగులుతోంది కాబోలనుకుని తెర లాగి, మళ్లీ మిషన్ ముందు కూర్చుంది.

పదోరోజు పొద్దున చెల్లెలి నల్లగుడ్డు మీద గింజంత తెల్లమచ్చ కనిపించింది. డాక్టరక్క ఉన్నపళంగా కొట్టుకు తాళం వేసి, చుక్కల సీసా సంచిలో వేసుకుని చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

కళ్లడాక్టరమ్మ దీపం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత సీసా చేతిలోకి తీసుకుంది.

"ఇదెవరు వేశారు?"

"నేనేనండీ."

"ఇది ఆపరేషన్ తర్వాత వాపు తగ్గడానికిచ్చే మందమ్మా. నల్లగుడ్డు మీద పుండు పడింది, దానికి కారణమైన క్రిములని ఇది చంపదు. పైకి ఎరుపు తగ్గించేస్తుంది, లోపల పుండు పెరుగుతూనే ఉంటుంది." ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "నొప్పి ఎన్నాళ్లకి తగ్గింది?"

"తగ్గలేదండీ" అంది చెల్లెలు నేల చూస్తూ. "ఒక్కరోజు కూడా."

"అదేమిటే! రోజూ తగ్గిందనేదానివిగా!" అంది డాక్టరక్క.

డాక్టరమ్మ ఆవిణ్ణి మందలించలేదు. మందలిస్తే బాగుండేది. "పుండు మాన్పడానికి గంటగంటకీ మందు వేద్దాం. మానినా అక్కడ తెల్లమచ్చలా పువ్వు మిగిలిపోతుంది. ఆ కంటితో వెలుతురూ చీకటీ తెలియొచ్చు, అంతకు మించి ఆశపడొద్దు. నల్లగుడ్డు మార్చే ఆపరేషన్ ఉంది కానీ, ఇంత లోతు పుండుకి నేను మాట ఇవ్వలేను. మొదటిరోజే వచ్చుంటే ఇన్ని మాటలు ఉండేవి కాదు."

"సూదిపని?" అడిగింది చెల్లెలు.

"ఒంటికన్నుతో దగ్గరిపనికి లోతు సరిగ్గా అందదమ్మా."

ఏ పోగు పైన ఉందో, ఏది కింద ఉందో తెలియకుండా రఫ్ఫు చేయడం ఎలాగో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నారు. డాక్టరక్క చెల్లెలి చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుంది. "ఇంత నొప్పి ఓర్చుకుంటూ నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

చెల్లెలు ఆలోచించింది. దాని ముఖంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"చెబితే వినేదానివా అక్కా?"

ఈ ముప్పై ఏళ్లలో అది చెప్పింది తాను విన్నది ఒక్కసారైనా ఉందేమోనని డాక్టరక్క వెతుక్కుంది. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.