అందరూ ఎక్కేరా?

నూకన్న కారు కొంటున్నాడంటే ఆ దీవిలో, జంగ్లీఘాట్ జాలరిపేటలో నవ్వనివాడు లేడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బోటు తప్ప ఎరగనివాడు స్టీరింగ్ పడతాడట! నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. వాళ్ళ ఇళ్ళల్లో సీతాలు లేదు కదా.

సీతాలు నూకన్న పెళ్ళాం. ఆమె తమ్ముడు, పేరు పెద్దబ్బాయి, బావ నూకన్నతో చేపల వేటకు వెళ్ళి, గాలివానలో కెరటం కొట్టి పోయాడు. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోలేదని సీతాలు తీర్మానించేసింది. దినం చేయనివ్వలేదు. తమ్ముడి కంచం ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. నూకన్నకు మాత్రం ఒక్కటే చెప్పింది: "నువ్వు మల్లీ సముద్రం మీదికెల్తే నాను ఓడెక్కి మెయిన్‌లాండ్ ఎల్లిపోతాను. బస్, అంతే." అన్నంత పనీ చేసే మనిషి. అందుకే బోటులో తన వాటా అమ్మేసి, టాక్సీగా తిప్పుకోవడానికి పాత డీజిల్ అంబాసిడర్ వెతుక్కున్నాడు. కారు నడిస్తే కాపురం ఉంటుంది. నడవకపోతే మళ్ళీ సముద్రమే గతి, సీతాలు ఉండదు.

కారు చౌల్దారీలో అచ్చమ్మ దగ్గర దొరికింది. పెరట్లో పాక కింద, మీద కొబ్బరాకులు కప్పి ఉంది. అచ్చమ్మ చేతుల నిండా గాజులు, నుదుట ఇంత బొట్టు. మొగుడు అప్పలరాముడు ఎక్కడంటే "ఏటకెల్లేడు" అంది. ఎప్పుడెళ్ళాడని నూకన్న అడగలేదు. కారు చూసిన సంబరంలో మనిషి మొహం చూస్తేనా మహానుభావుడు!

"ఇంజిన్ బంగారం భయ్యా. ఆపీటప్పుడే మొండికేస్తాది," అంది అచ్చమ్మ.

"మొండి ఇంజిన్లు సానా సూసేను దీదీ," అని కోతలు కోసి, తాళాలు పుచ్చుకున్నాడు.

దారిలో సిప్పీఘాట్ దగ్గర యిర్మియా షెడ్డులో పెట్టాడు. ఈ యిర్మియా చర్చిలో ఎంత మెత్తగా ప్రార్థన చేస్తాడో షెడ్డులో అంత ఘాటుగా తిడతాడు. బానెట్ ఎత్తి చూసి, ఆ రోజు తిట్టడం కూడా మర్చిపోయాడు.

"అరె నూకన్న భయ్యా, ఇది కారు ఇంజిన్ కాదు. బోట్‌ది. సూడు, సందుల్లో ఉప్పు."

నూకన్న ఇంకా పొంగిపోయాడు. బోటు ఇంజిన్ అంటే అతనికి కన్నబిడ్డే. మూడు పూటలా దాని మీదే పడ్డాడు. నాజిళ్ళు కడిగాడు, టాపెట్ల సందులు సరిచేశాడు, డీజిల్ గొట్టంలో చేరిన గాలి తీశాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి, లోపల ఏది ఎక్కడ కొట్టుకుంటోందో విని మరీ బిగించాడు. నల్లపొగ పలచబడింది. దడదడ తగ్గింది. ఇంజిన్ నిద్రపోతున్న పిల్లాడిలా సమంగా ఊపిరి తీసింది. నూకన్న మురిసిపోయి, ఆపడానికి నాబ్ లాగాడు.

ఆగలేదు.

మళ్ళీ లాగాడు. వైరు బాగానే ఉంది. యిర్మియా డీజిల్ గొట్టం ఊడదీశాడు. చుక్క డీజిల్ లేకుండా కూడా అది అలాగే ఆడుతోంది. యిర్మియా సిలువ గీసుకోలేదు గానీ, రెండడుగులు వెనక్కి వేశాడు. చివరికి బ్రేకు తొక్కి, టాప్ గేర్ వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలితే గింజుకుని ఆగింది.

"రేప్పొద్దున సూద్దాం," అన్నాడు యిర్మియా. "మాపటేల దీన్ని ఇక్కడ ఉంచకు."

గొట్టం బిగించి, పొద్దువాలుతుండగా నూకన్న ఒక్కడే ఇంటికి బయల్దేరాడు. అక్కడ చేశాడు తప్పు. తప్పంటే పెద్ద తప్పు కాదు, నోటి అలవాటు. బోటు కదిలించే ముందు చుక్కాని పట్టినవాడు "అందరూ ఎక్కేరా?" అని కేకేస్తాడు. ఎక్కినవాళ్ళు పలుకుతారు. తిరిగొచ్చాక ఇంటివాళ్ళు ఒడ్డున నిలబడి "దిగు" అంటారు. ఆఖరి మనిషి దిగేదాకా ఇంజిన్ ఆపకూడదు. ఇది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. ఖాళీ కారులో కూర్చుని, తాళం తిప్పుతూ, ఆలోచించకుండా నూకన్న అనేశాడు:

"అందరూ ఎక్కేరా?"

"ఎక్కేను," అంది వెనక సీటు.

నూకన్న తలెత్తి చూశాడు. అద్దంలో ఎవరూ లేరు. సీటు మాత్రం ఒక పక్కకు కుంగి ఉంది. కుంగిన చోటు నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కింద పడుతున్నాయి. నాచు వాసన. నాబ్ లాగాడు, గేర్ వేసి క్లచ్ వదిలాడు. ఈసారి దేనికీ ఆగలేదు. అప్పుడు అర్థమైంది వెర్రివాడికి. ఇది మొండి ఇంజిన్ కాదు. దీంట్లోంచి ఒక మనిషి ఇంకా దిగలేదు. కారు చౌల్దారీకి తిప్పాడు.

చప్పుడు వినగానే అచ్చమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనక సీటు వైపు చూడలేదు.

"ఒట్టి బోటే తిరిగొచ్చింది భయ్యా. ఇంజిన్ ఆడతానే ఉంది, మా మావ లేడు. మా మరిది దాన్ని కార్లో ఎట్టేడు. ఆ సప్పుడు ఇన్లేక అమ్మీసేను."

"పిలు దీదీ. దిగమను."

"దిగితే పోయినట్టే గదా! ఏటకెల్లేడనుకోనే ఇన్నాల్లూ బతికేను. నన్నేటి సెయ్యమంటావు?"

నూకన్న ఏడ్చేశాడు. "ఈ గాడీ నడవకపోతే నాను సముద్రానికెల్లాల. నాకు ఇల్లుండదు దీదీ."

అచ్చమ్మ గడప దాటింది. మెట్లు దిగి వచ్చి, వెనక తలుపు తీసింది.

"దిగు మావా. ఇల్లొచ్చీసింది."

స్ప్రింగులు కిర్రుమన్నాయి. సీటు పైకి లేచింది. ఇంజిన్ ఒకసారి దగ్గి ఆగిపోయింది. కారు నుంచి మెట్ల దాకా నేల తడిసింది. ఆ తడి పక్కనే అచ్చమ్మ చతికిలబడి, గాజులు ఒక్కొక్కటే మెట్టుకేసి కొట్టుకుంది. నూకన్న అక్కడ నిలవలేకపోయాడు. ఆమెను చూస్తే జాలేస్తోంది, కారు బాగుపడిందని సంతోషంగానూ ఉంది. ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యం వేసింది.

తిరిగి వస్తుంటే ఇంజిన్ వెన్నలా నడిచింది. సిప్పీఘాట్ దగ్గర, రోడ్డు పక్కకు సముద్రపు పాయ వచ్చే చోట, కారు నిలిపి నాబ్ లాగి చూశాడు. టక్కున ఆగింది! నూకన్నకు నవ్వొచ్చింది. ఇక సీతాలు ఎక్కడికీ పోదు. చలో ఇంటికి, అనుకుంటూ హుషారుగా తాళం తిప్పాడు. పాడు నోరు, ఊరుకుంటేనా?

"అందరూ ఎక్కేరా?"

నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. వెనక సీటు కుంగింది. ఆ గొంతు అతనికి తెలుసు.

"ఎక్కేను బావా."

జంగ్లీఘాట్ దాకా నూకన్న అద్దంలోకి చూడలేదు. ఇంటి ముందు సీతాలు దీపం పట్టుకుని నిలబడి ఉంది. కారు చూసి ఆమె మొహం విప్పారింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వడం ఇదే మొదటిసారి.

"ఓలమ్మా, ఎంత బాగుంది గాడీ!" అంది. "ఇంటికొచ్చీసేవు గదా, ఇంకా ఇంజిన్ ఆపవేటి?"

నూకన్న నాబ్ లాగిన చెయ్యి అలాగే ఉంది.

"నాను ఆపలేనే సీతాలూ," అన్నాడు. "నువ్వే వొచ్చి దిగమనాల."