కాలు తగిలితే

ఆదివారం లోపల రూతు చెయ్యవలసిన పనులివి. జూడో కోటు కాలరు ఊడిపోయింది, గంగయ్య టైలరు చేత గట్టిగా కుట్టించాలి. గోళ్ళు తీసుకోవాలి. బరువు నలభై ఎనిమిది కిలోలు దాటకూడదు కాబట్టి శనివారం అన్నం మానెయ్యాలి. డిగ్రీ సర్టిఫికెట్టు నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించాలి. కోటిపల్లి రేవులో ఏరు దాటించే మొదటి పంటు ఎన్నింటికో కనుక్కోవాలి. ఇవన్నీ తిరిగితే అయ్యే పనులే. ఆఖరిదే అవడం లేదు: తను వెల్లకిలా పడుతూ అవతలి మనిషిని తలమీదుగా విసరడం నేర్చుకోవాలి.

ఎనిమిది రోజులున్నాయి. ఆదివారం కాకినాడలో జిల్లా జట్టుకి ఎంపికలు. జట్టులో ఆడినట్టు కాగితం ఉంటే డ్రిల్లు టీచరు ట్రైనింగులో సీటు వస్తుంది. లేకపోతే, వాళ్ళ వంశంలో మొట్టమొదట బి.ఏ. పాసైన రూతు, తల్లి సూరమ్మతో పాటు ఊడ్పులకి పోవాలి. అది ఎనభై ఆరో సంవత్సరం. బి.ఏ.లు చాలామందే ఉన్నారు.

అమలాపురంలో పీచు మిల్లు వెనక రేకుల షెడ్డు. గోనెసంచుల్లో పీచు కూరి, పైన టార్పాలిను పరిచేరు. నేర్పేది సీమోను మాస్టారు. సి.ఆర్.పి.లో చేసి రిటైరయ్యేరు.

"ఎంపికల్లో నీకు ఎదురొచ్చే రామచంద్రపురం పిల్ల ఆంబోతులా నెట్టుకొస్తుంది. నువ్వు ఎదురు నెట్టలేవు. రానీ. కాలరూ చెయ్యీ పట్టుకో, కడుపు మీద అరికాలు పెట్టు, వెల్లకిలా పడిపో. నువ్వు పడితే అది ఎగురుతుంది. అర్థమైందా?"

"ఆయ్, అయిందండి."

అయింది కానీ ఒంటికి ఎక్కలేదు. ఎదురుగా ఆదిలక్ష్మి నిలబడేది. సూర్యప్రకాశరావుగారి కూతురు. ఆయన పొలంలోనే సూరమ్మ పని చేసేది. ఆదిలక్ష్మి రూతు కన్నా ఎనిమిది కిలోలు ఎక్కువ కాబట్టి ఇద్దరికీ పోటీ లేదు. తనూ ఆదివారం ఎంపికలకి వెళ్ళవలసిందే.

ఆదిలక్ష్మి నెట్టుకొచ్చింది. రూతు కాలు పెట్టింది. పెట్టిన క్షణంలోనే కుడిచెయ్యి పట్టు వదిలేసి, ఆదిలక్ష్మి కోటుని తాకి, తన కళ్ళకి అద్దుకుంది. ఆదిలక్ష్మి బస్తాలా వచ్చి రూతు మీద పడింది.

"ఒసే! నన్నిసిరేస్తావనుకుంటే దణ్ణం పెడతావేటే? నేనేవన్నా పెద్దింట్లమ్మ తల్లినా?"

"తెలీకుండా అయిపోతందండి ఆదిలక్ష్మిగారూ."

"కడుపు మీద కాలేసి మళ్ళీ గారొకటి!"

రెండోసారీ అంతే. పదోసారీ అంతే. రూతు నాన్నమ్మ పాపాయమ్మ పెంపకం అది. బైబిలుకి కాలు తగిలినా, మనిషికి తగిలినా, తాకి కళ్ళకద్దుకోవలసిందే. నిద్రలో చెల్లెలికి తగిలితే చెవి పట్టుకుని లేపేది ఆ ముసలమ్మ. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఎనిమిది రోజుల్లో పొమ్మంటే పోతుందా?

సీమోను మాస్టారు దూలానికి పీచు బస్తా వేలాడదీసి, దాన్ని విసరమన్నారు. ఇరవైసార్లు విసిరింది, ఒక్కసారీ పట్టు జారలేదు. మనిషి రాగానే మళ్ళీ చెయ్యి కళ్ళ దగ్గరికి పోయింది. కొబ్బరితాడుతో చేతినీ ఆదిలక్ష్మి కోటునీ కలిపి కట్టేరు. మణికట్టు దోక్కుపోయింది తప్ప ఫలితం లేదు.

రూతుకి అన్నం సయించలేదు. సైకిలు తొక్కుతూ కాలు జాడించుకునేది, నీళ్ళ బిందెతో నిలబడిపోయేది. సూరమ్మ అడిగితే, "ఏం లేదమ్మా" అనేది.

గురువారం సాయంత్రం మాస్టారు టీకి వెళ్ళేరు. షెడ్డులో వాళ్ళిద్దరే ఉన్నారు. ఆదిలక్ష్మి ఎప్పటిలా నవ్వడం లేదు.

"నీకోటి చెప్పాలే. మొన్న మాసూళ్ళప్పుడు, కోతలైపోయిన మా చేలో మీ అమ్మ రాలిన పరిగె ఏరుకుంటంది. మా నాన్నగారు చెప్పుకాలితో భుజం మీద తన్ని నెట్టేరు. నేను గట్టు మీదున్నాను. చూసేను."

రూతు వచ్చి ఆదిలక్ష్మికి ఎదురుగా నిలబడింది.

"మీ అమ్మ లేచి, చీర దులుపుకుని పోయింది. మా నాన్నగారేవన్నా కళ్ళకద్దుకున్నారనుకున్నావా? చుట్ట కాల్చుకున్నారు. నేనూ కిక్కురుమనలేదు."

అంటూనే రూతు కాలరు పట్టుకుని నెట్టడం మొదలెట్టింది. ఆట నెట్టుడు కాదు. రూతు మడమలు టార్పాలిను మీద గీసుకుంటూ వెనక్కి పోతున్నాయి. "వదలకే! వదిలేవంటే చంపేస్తాను!" అని అరుస్తోంది ఆదిలక్ష్మి.

రూతు కాలు లేచింది. వీపు కిందికి పోయింది. రెండు చేతులూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఆదిలక్ష్మి రేకుల కప్పు కింద గాలిలో తిరిగి, పీచు సంచులు దాటి, కటిక నేల మీద భుజం ఆనుకుని పడింది. టక్కున ఎముక చప్పుడు వినబడింది.

మాస్టారు పరిగెత్తుకొచ్చేరు. మెడ కింద ఎముక విరిగింది. రిక్షా ఎక్కిస్తూంటే ఆదిలక్ష్మి పళ్ళ బిగువున, "సైకిలు మీంచి పడ్డానని చెప్తానండి ఇంట్లో. మీరూ అదే చెప్పండి మాస్టారూ" అంది. రూతు ఏడుస్తోంది. "ఏడుపెందుకే? ఇందాకలాగే పట్టుకో. నాకు ఆదివారం లేదింక. నీకుంది."

ఇంటికొచ్చి రూతు తల్లిని అడిగింది. సూరమ్మ పొయ్యి ఊదుతున్నదల్లా గొట్టం కింద పెట్టింది.

"నీకెవరు చెప్పేరు?"

"నిజమేనా అమ్మా?"

"అన్నం తిను. చల్లారిపోద్ది."

ఆదివారం తెల్లారకుండా పంటు దాటి, కె.గంగవరం మీదుగా, ద్రాక్షారామం మీదుగా బస్సులో కాకినాడ చేరింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. తను విసరడం నేర్చుకుందా, లేక కోపమొచ్చి ఒక మనిషిని నేలకేసి కొట్టిందా? పడినామె చేసిన తప్పేముంది? బస్సు దిగేదాకా తేలలేదు.

ఆఖరి పోటీలో రామచంద్రపురం పిల్ల మాస్టారు చెప్పినట్టే నెట్టుకొచ్చింది. రూతు రెండుసార్లు తప్పుకుంది. మూడోసారి అరికాలు ఆ పిల్ల కడుపుకి ఆనింది. కుడిచెయ్యి కళ్ళ వైపు పోబోయింది, కానీ గుడ్డని వదల్లేదు. రూతు పడింది. ఆ పిల్ల ఎగిరింది. రిఫరీ చెయ్యి పైకెత్తేరు.

సీటు వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. రూతు టీచరుగారి దగ్గర ఇప్పటికి ఎంతోమంది ఆడపిల్లలు ఆ విసురు నేర్చుకున్నారు. ఆదిలక్ష్మికి ఎముక వంకరగా అతుక్కుంది. మళ్ళీ ఆ కోటు వేసుకోలేదు. కొత్తపేట అత్తారింట్లో ఎవరైనా అడిగితే, నేటికీ సైకిలు మీంచి పడ్డాననే చెబుతుంది.

మీరెక్కడైనా ఒక పిల్ల వెల్లకిలా పడుతూ ఇంకో పిల్లని తలమీదుగా విసరడం చూస్తే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. విసిరినామె పేరు పేపర్లో వేస్తారు. మీరు మాత్రం దయచేసి ఆదిలక్ష్మిని ఒక్కసారి తలుచుకోండి.