సుద్ద అంటిన చోట

ప్రొఫెసరు గది తలుపు మూడోసారి బిగుసుకుంది. కాలేజీ వడ్రంగి వచ్చి సంచి దించేసరికి అతని సొంత మేనకోడలే ప్రొఫెసరు బల్ల ముందు నిలబడి ఉంది, అయిదేళ్ల పరిశోధన గుండెకు అదుముకుని.

"ఆ చైనావాళ్ల అధ్యాయం తీసెయ్," అంటున్నారు ప్రొఫెసరు. "పడమటి తత్వవేత్త ముందు మాటకు అర్థం తేలుస్తాడు, తర్వాత మెట్టు మీద మెట్టు కట్టి రుజువు చేస్తాడు. మీ చైనా గురువో? మంచితనమంటే ఏమిటని అడిగితే ఒక శిష్యుడికి ఒకటి చెప్తాడు, ఇంకొకడికి ఇంకొకటి. అదీ ఒక పద్ధతేనా?"

"ఎవరికి ఏది కొరతో చూసి చెప్తాడు సార్. నేను తియ్యను."

"అయితే నేను సంతకం పెట్టను."

వడ్రంగి సంచిలోంచి సుద్దముక్క, చిత్రిక తీశాడు. ఆ పిల్ల చిన్నప్పుడు మేకు వంగితే పారేసేది కాదు. తిన్నగా కొట్టి మళ్లీ దాన్నే దించేది.

ప్రొఫెసరు ఇటు తిరిగారు. "తలుపులో తప్పు లేదయ్యా. నేనే మూలమట్టం పెట్టి చూశాను."

"తలుపు బంగారం సార్. గుమ్మమే ఒరిగింది."

గుమ్మం అంచున సుద్ద రుద్ది తలుపు గట్టిగా మూశాడు. తెరిస్తే తలుపు పైమూల తెల్లగా అంటింది. అక్కడే చిత్రిక పట్టాడు. మళ్లీ సుద్ద, మళ్లీ చిత్రిక. మూడోసారి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

"ఎంత తీశావు?"

"తగిలినంత."

"కొలత అక్కర్లేదా?"

"ఎందుకక్కర్లేదు సార్? చేసేటప్పుడు కొలతే దిక్కు. బిగించేటప్పుడు మాత్రం గుమ్మాన్ని అడగాలి. పక్క గదిలో ఇంకోచోట తగులుతుంది."

"అదే సార్!" అంది మేనకోడలు. "గదిగదికీ జవాబు వేరు. పద్ధతి ఒక్కటే."

ప్రొఫెసరు తలుపు రెండుసార్లు తీసి, వేసి చూశారు.

"మరి నీ అధ్యాయంలో సుద్ద ఏదమ్మా? జవాబులన్నీ పేర్చావు. శిష్యుడి కొరత గురువుకెలా కనబడిందో ఒక్క ముక్కా రాయలేదు."

ఆమె గబగబా పేజీలు తిప్పింది. నిజమే, లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"రాస్తాను. తియ్యను మాత్రం."

"రాసుకురా. సంతకం మాట అప్పుడు చూద్దాం."

వరండా బెంచీ మీదే కూర్చుని కాగితాలు పరిచింది. "మామయ్యా, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వు."

"పెన్ను లేదూ?"

"ఉంది. ఇది ఎదురుగా ఉండాలి."

వడ్రంగి సుద్ద ఆమె పక్కన పెట్టి, పక్క గది తలుపు తోసి చూశాడు. అదీ బిగుసుకునే ఉంది.