నొప్పుల్లో అడిగే మాట

పొడి రోజున పొగాకు ముట్టుకుంటే పొడైపోతుంది. తడిగాలి తగిలిన పొద్దున మాత్రం మెత్తబడి చెప్పినట్టు వింటుంది. అందుకే మా తూర్పు ఒడ్డున ముసురు పట్టిందంటే పని మొదలైనట్టే లెక్క. ఆకు కొట్టంలో అందరం చుట్టూ కూర్చుని ఈనెలు తీస్తూ, కట్టలు కడుతూ లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు నా వేళ్ళు వంకర్లు పోయాయి. అయినా తడిసిన పొగాకు వాసన ముక్కుకు తగిలితే చాలు, తామ్సిన్ నా పక్కనే కూర్చుని నా చిరునవ్వు చూసి కసురుతున్నట్టే ఉంటుంది.

తామ్సిన్ ఇంగ్లండు పిల్ల. ఓడ ఎక్కడానికి డబ్బుల్లేక, ఏడేళ్ళు ఊడిగం చేస్తానని కాగితం రాసిచ్చి వర్జీనియాకి వచ్చింది. మా నాన్న బాస్టియన్‌ని అంగోలా నుంచి పట్టుకొచ్చారు. ఆయన్ని కాగితం ఎవరూ అడగలేదు. అయినా ఆ రోజుల్లో కొట్టంలో ఈ తేడాలు పట్టించుకున్నవాళ్ళు లేరు. తెల్లవాళ్ళం, నల్లవాళ్ళం ఒకే కుండలో మొక్కజొన్న సంకటి తిన్నాం, ఒకే గుడిసెలో పడుకున్నాం, ఒకే మనిషి చేత తిట్లు తిన్నాం. ఇప్పటి పిల్లలకి చెబితే ముసలిదానికి మతి పోయిందంటారు. అననీ. తిన్నది నేను, రుచి తెలిసింది నాకు.

పాత దొర మా నాన్నతో, "ఇంకొన్నేళ్ళు చెయ్యి బాస్టియన్, నిన్నూ నీ పిల్లల్నీ వదిలేస్తాను" అన్నాడు. నాన్న నమ్మాడు. ముందు దొర పోయాడు, తర్వాత నాన్న పోయాడు. పాత దొర కొడుకు ప్రిడో దొర "కాగితం ఏదీ?" అన్నాడు. మా దగ్గర ఉన్నది మాట ఒక్కటే. అలా నేనూ, మా అన్న డొమింగోనూ ఆ తోటకే బానిసలుగా బతుకంతా అంటుకుపోయాం.

అన్నకి తామ్సిన్ అంటే ప్రాణం. ఊడిగం తీరేదాకా ఆమెకు పెళ్ళాడే వీలు లేదు గానీ, నేను మాత్రం నోరారా వదినా అనే పిలిచేదాన్ని.

"వదినా, మా అన్న గరిటె నీ చిప్ప దగ్గరకొచ్చేసరికి నిండిపోతోందేం?"

"నోర్ముయ్యవే పౌలా! నీ మటేయస్ నీకు పీతలు పట్టుకొచ్చినప్పుడు నేనేమన్నా అడిగానా?"

"అడగలేదు. సగం తిన్నావు."

మటేయస్ నా పెనిమిటి, పక్క తోట మనిషి. అంత నవ్వు మళ్ళీ నా బతుకులో రాలేదు.

ఒక చలికాలపు ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర కొత్త చట్టం చదివారు. తల్లి బానిసైనా, స్వతంత్రురాలైనా, పుట్టే బిడ్డదీ అదే స్థితి. అంతే. నేను పొట్ట మీద చెయ్యి వేసుకుని విన్నాను. అప్పటికి నాకు మూడో నెల. తామ్సిన్‌కీ మూడో నెలే. వేసవి రాకముందే మటేయస్‌ని మేరీల్యాండుకి అమ్మేశారు. చలిజ్వరం వచ్చి డొమింగో నా ఒళ్ళోనే పోయాడు. ఇద్దరం రెండు పొట్టలతో ఆ గుడిసెలో మిగిలాం.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉండేది. పెళ్ళికాని ఆడది కంటుంటే, తండ్రెవరని మంత్రసాని అడగాలి. ముందూ కాదు, తర్వాతా కాదు, నొప్పులు ముదిరినప్పుడే అడగాలి. ఆ సమయంలో ఆడదాని నోట అబద్ధం రాదని నమ్మకం. అప్పుడు విన్నదాన్ని మంత్రసాని కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టి చెబితే, దానికి తిరుగులేదు. మా మంత్రసాని వినిఫ్రెడ్‌ని అందరం పెద్దమ్మా అనేవాళ్ళం. తన సొంత మరిది పేరు బయటపడినా దాచకుండా కోర్టులో చెప్పేసిన మనిషి.

ముందు తామ్సిన్ కన్నది. నొప్పులు ముదిరాక పెద్దమ్మ వంగి, "తండ్రెవరే?" అంది.

"డొమింగో! పోయినవాడి పేరు చెప్పడానికి కూడా ఇంత నొప్పి పెట్టాలా పెద్దమ్మా?" అని అరిచింది తామ్సిన్.

ఆడపిల్ల. మూడో రోజు తెల్లవారుతూనే నేనూ ఆడపిల్లనే కన్నాను. ఆ మధ్యాహ్నమే తామ్సిన్ బిడ్డ పాలు తాగడం మానేసి, కాసేపటికి ఊపిరి కూడా మానేసింది.

బయట ముసురు. అందరూ ఆకు కొట్టంలో ఉన్నారు. తామ్సిన్ చాలాసేపు తన బిడ్డని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అంది. "పౌలా, నీ బిడ్డని నాకియ్యవే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీది పోయిందని నాది లాక్కుంటావా? సిగ్గుందా నీకు?"

"తిట్టు. తిట్టి విను. పెళ్ళి కాకుండా కన్నందుకు నాకు శిక్ష వేస్తారు, రెండేళ్ళు ఊడిగం పెంచుతారు. పెంచినా దానికో చివర ఉంది. నా బిడ్డయితే దాని చేత ఇరవై నాలుగేళ్ళు పని చేయించుకుని వదిలేస్తారు. నీ బిడ్డయితే ఎప్పుడు వదులుతారు? చెప్పు."

బిడ్డ నా రొమ్ము దగ్గర చప్పిడి ముక్కుతో పడుకుని ఉంది. అది పుట్టి ఇంకా ఒక పూట కూడా కాలేదు.

పెద్దమ్మ చేతులు కడుక్కోవడం ఆపేసింది. "నన్ను బైబిలు మీద అబద్ధం ఆడమంటారా? ముప్పై ఏళ్ళుగా నా మాటకి మచ్చ లేదు," అంది. ఆమె చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. చివరికి నా దగ్గరికొచ్చి, నా చేతుల్లోంచి బిడ్డని తీసి తామ్సిన్ ఒళ్ళో పెట్టింది. చల్లబడిన బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ప్రిడో దొర టోపీ మీంచి నీళ్ళు కారుతుండగా గుమ్మంలో నిలబడి, "బతికింది ఎవరి బిడ్డ?" అన్నాడు.

"తామ్సిన్ బిడ్డ" అంది పెద్దమ్మ. దొర మొహం చిట్లించుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కోర్టులోనూ ఆమె అదే మాట చెప్పింది.

మర్నాడు కొట్టం వెనక గుంట తవ్వారు. అందరి దృష్టిలో తల్లిని నేను కాబట్టి ఏడవాల్సింది నేను. గుండె పగిలేలా ఏడ్చాను. ఒక బిడ్డ కోసమా, ఇద్దరి కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను. తామ్సిన్ నా బిడ్డని ఎత్తుకుని, పళ్ళు బిగబట్టి, కంట తడి లేకుండా నిలబడింది. తన కన్నబిడ్డ మీద మట్టి వేస్తుంటే చూస్తూ అలా నిలబడటం ఎంత కష్టమో నాకొక్కదానికే తెలుసు.

బిడ్డకి డోర్కస్ అని పేరు పెట్టుకుంది. బిడ్డ పోయినదానికి పాలుంటాయి కదా, నేను పాలిచ్చినా ఎవరికీ అనుమానం రాలేదు. పిల్ల పెరిగేకొద్దీ రంగు బయటపడింది. దొర ఒకసారి ఎగాదిగా చూసి, "బాగా నలుపే" అన్నాడు.

"తండ్రి పోలిక దొరా," అంది తామ్సిన్ తడుముకోకుండా.

పిల్ల నన్ను అత్తా అనేది. మేనత్తని కదా మరి. జడ వేయమని నా దగ్గరికే వచ్చేది, ముల్లు గుచ్చుకుంటే నా దగ్గరికే వచ్చేది, రాత్రయితే మాత్రం అమ్మ దగ్గర పడుకోవాలని తామ్సిన్ దగ్గరికి పోయేది. తామ్సిన్ ఊడిగం తీరాక కూడా ఊరు వదల్లేదు, తోట పక్కనే ఉతుకుడు పని చేసుకుంటూ ఉండిపోయింది. ఎందుకని అడిగితే, "ఇక్కడి పీతలు బాగుంటాయి" అనేది. నాకు తెలియదా ఎందుకో.

ఇరవై నాలుగు నిండాక డోర్కస్‌ని వదిలేశారు. ఆల్చిప్పలు పట్టే పడవ ఉన్న స్వతంత్రుడు ఫ్రాన్సిస్‌ని పెళ్ళి చేసుకుంది. మరో రెండేళ్ళకి నొప్పులొచ్చాయి. నడుం వంగిపోయిన పెద్దమ్మ, చేతిసాయానికి నేనే కావాలని దొరని అడిగి మరీ పిలిపించుకుంది.

"నిన్ను తండ్రెవరని అడగక్కర్లేదు, పెళ్ళైనదానివి. హాయిగా అరుచుకో," అంది పెద్దమ్మ.

డోర్కస్ అరిచింది. నొప్పి ముదిరేసరికి "అమ్మా!" అంది. నేను గబుక్కున లేచి తామ్సిన్‌కి చోటిచ్చాను. ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆ మాట వినబడితే తప్పుకోవడం నా ఒంటికి పట్టేసింది.

డోర్కస్ నా మణికట్టు పట్టుకుంది. "ఎక్కడికి పోతావు? నిన్నే."

నేను తామ్సిన్ వైపు చూశాను. ఆమె వేణ్నీళ్ళ కుండ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "నిన్ననే చెప్పేశాను. కనబోయేది కదా, తెలియాలి," అంది. గుంట దగ్గర రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి.

"అమ్మా," అంది డోర్కస్ మళ్ళీ, నా కళ్ళలోకి చూస్తూ.

పెద్దమ్మ తల వంచుకుని తన పని చూసుకుంటోంది.

"ఏమ్మా," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.