వీబ్కె ఓస్టర్లో గారి మొగుడు

జర్మనీలో బ్రెమెన్ చూసి వెళ్ళినవాళ్ళకి బజారు మధ్యలో నిలబడ్డ వీరుడు రోలాండ్ రాతి విగ్రహం ఎంత ఎత్తో గుర్తుండదు కానీ, గైడు వీబ్కె ఓస్టర్లో గారి మొగుడు హిన్రిక్ మాత్రం గుర్తుండిపోతాడు. ఆయన ఓడలో ఇంజనీరు. ఏడాదిలో పది నెలలు సముద్రం మీదే. మిగతా రెండు నెలలూ ఇంట్లో కాళ్ళు చాపుకుని పెళ్ళాం వంటకి వంకలు పెడుతుంటాడు. ప్రతి వీధి మలుపులోనూ ఆయన మీద ఒక చెణుకు విసరందే వీబ్కెకి కాలు ముందుకి సాగదు. వినేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

హిన్రిక్‌లో లోపం ఒక్కటే. ఆయన లేడు.

ఎన్నడూ లేడు కూడా. పెళ్ళి కాకుండా ముప్పై నిండిన మగవాణ్ణి ఈ ఊళ్ళో పెద్ద చర్చి మెట్లు ఊడవమంటారు. ఆడదైతే ఆ చర్చి తలుపుల పిడులు తోమాలి. పెళ్ళి కాని వాళ్ళెవరైనా వచ్చి ముద్దు పెట్టి విడిపించేదాకా వదలరు. స్నేహితులంతా చుట్టూ చేరి, సీసా మూతలు చల్లుతూ, బీరు తాగుతూ, పాపం మన మంచి కోరే ఇదంతా చేస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం తన పుట్టినరోజు వారంలో తోటి ఉద్యోగులు తోముడు గుడ్డ కొన్నారని వీబ్కెకి తెలిసింది. "నాకు నార్వేలో పెళ్ళయిపోయింది" అంది. ఎవరితో అన్నారు. హిన్రిక్‌తో అంది. ఏడీ అన్నారు. ఓడలో ఉన్నాడంది. ఓడల ఊళ్ళో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఎవరూ అడగరు. గుడ్డ తిరిగి అంగడికి వెళ్ళిపోయింది, హిన్రిక్ ఉండిపోయాడు.

ఈ మార్చిలో గైడ్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. నిరుడు బవేరియా నుంచి వచ్చిన ఒక రిటైరైన మాస్టారు ఫిర్యాదు చేశారట. నూతన సంవత్సరం రోజున రోలాండ్ గద్దె దిగి నదిలో కాళ్ళు కడుక్కుంటాడని వీబ్కె చెబితే, ఆయన మ్యూజియానికి వెళ్ళి విచారించారు. మ్యూజియం వాళ్ళు ధ్రువీకరించలేదట. కాబట్టి ఇకపై నిరూపణ అయిన విషయాలే చెప్పాలి, రాసిచ్చిన దారి తప్పకూడదు. పరీక్షకులు ఒకరు మామూలు యాత్రికుల్లా గుంపులో కలిసి వస్తారు. మరొక్క కల్పన వినపడితే గైడు బిళ్ళ వెనక్కి ఇచ్చెయ్యాలి.

ఆ ఇత్తడి బిళ్ళ పోతే వీబ్కెకి మాట్లాడటానికి కుండీలో మొక్క తప్ప ఇంకెవరూ లేరు. అరవై ఒకటో ఏట ఆ మొక్కతో ఎన్ని చెణుకులు విసరగలదు? తలుచుకుంటే భయం వేసింది.

ఏప్రిల్లో ఒక శనివారం, సన్నటి జల్లులో పద్నాలుగు మంది వచ్చారు. టౌన్ హాలు పక్కన గాడిద మీద కుక్క, కుక్క మీద పిల్లి, పిల్లి మీద కోడిపుంజు నిలబడ్డ, పిల్లల కథలోని కంచు బొమ్మ దగ్గర, గాడిద ముందరి కాళ్ళు పట్టుకుని కోరిక కోరుకోవడానికి వరసలో నిలబడ్డారు.

"రెండు చేతులతో రెండు కాళ్ళూ పట్టుకోవాలండీ" అంది వీబ్కె. "ఒక్క చేత్తో పట్టుకుంటే ఒక గాడిద ఇంకో గాడిదకి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టని మా ఊరివాళ్ళు అంటారు."

పసుపు రంగు వానకోటు వేసుకున్న ఒకావిడ ఒక్క చేత్తోనే పట్టుకుంది. బయల్దేరినప్పటినుంచీ తనది హాంబుర్గ్ అని మూడుసార్లు చెప్పింది ఆవిడే.

"రెండో చేత్తో గొడుగు పట్టుకోవాలిగా" అంది.

"పట్టుకోండమ్మా, పట్టుకోండి. తడిస్తే ఏ గాడిదకైనా జలుబు చేస్తుంది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఓడరేవు ఊరంటారు, ఒక్క ఓడా కనపడదేం? మా హాంబుర్గ్‌లో అయితే కిటికీ తెరిస్తే చాలు."

"మా రేవు అరవై కిలోమీటర్ల దిగువన ఉందమ్మా. రేవుని సముద్రం దగ్గర పెట్టుకోవడం మాకో పిచ్చి."

అప్పుడు కనపడ్డాడు అతను. ముప్పై ఏళ్ళుంటాయి. టోపీ కనుబొమల దాకా లాక్కుని, కోటు కాలరు పైకెత్తుకుని, వరస బయట నిలబడ్డాడు. అందరూ గాడిద కోసం తోసుకుంటుంటే అతను మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

వీబ్కె లెక్క వేసింది. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడూ ఆ గాడిదని ముట్టుకోడు. అది పైఊరి వాళ్ళకి వదిలేసిన పని. అంటే ఇతను బ్రెమెన్ వాడు. బ్రెమెన్ వాడు టికెట్ కొనుక్కుని బ్రెమెన్ ఎందుకు చూస్తాడు? పరీక్షకుడైతే తప్ప చూడడు. వీబ్కె తన తెలివికి తనే మురిసిపోయి, బిళ్ళ సరిచేసుకుంది.

అక్కణ్ణుంచి ఆమె నోట్లోంచి నిజాలు తప్ప రాలేదు. రోలాండ్ ఎత్తు ఐదున్నర మీటర్లు, నిలబెట్టింది 1404లో. వినేవాళ్ళు ఆవలించారు. ఎవరో ఫోన్ తీసి వాతావరణం చూసుకున్నారు. ప్రతి అంకె దగ్గరా ఆమె టోపీ అబ్బాయి వైపు చూసింది. అతను ప్రతిసారీ వెనక్కి తిరిగి వీధి చివరికి చూశాడు. ఎంత జాగ్రత్తగల మనిషో అనుకుంది.

చర్చికి ఉత్తరాన ఉన్న శిలువ గుర్తు రాయి దగ్గర ఇక ఆపుకోలేకపోయింది.

"రెండు వందల ఏళ్ళ క్రితం ఒక ఇల్లాలు పదిహేను మందికి విషం పెట్టింది, మొగుళ్ళతో సహా. ఆవిడ తల తీసిన చోటు ఇది. ఊరివాళ్ళు ఇప్పటికీ ఈ రాయి మీద ఉమ్ముతారు. మా హిన్రిక్ మాత్రం ఉమ్మడు. ఇంటికెళ్ళి నా చేతి సూపే తాగాలి, పెళ్ళాలతో మనకెందుకు గొడవ అంటాడు."

గుంపు పగలబడి నవ్వింది. హిన్రిక్‌ని ఏ మ్యూజియమూ కాదనలేదు కదా అని వీబ్కె సర్దిచెప్పుకుంది. టోపీ అబ్బాయి కూడా నవ్వాడు. నవ్వి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్, చర్చి మెట్ల వైపు వద్దు. ఈ సందులోంచి వెళ్ళిపోదాం."

పరీక్ష మొదలైందనుకుంది వీబ్కె. "రాసిచ్చిన దారి అదే సార్. ఒక్క అడుగు కూడా తప్పను."

"మీకు దండం పెడతాను మేడమ్. ఇవాళ ఒక్కరోజుకి."

ఎంత సహజంగా నటిస్తున్నాడో అని మెచ్చుకుని, మర్యాదగా మోచెయ్యి పట్టుకుని, అతన్ని గుంపుకి ముందు నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. మూల తిరిగారు.

చర్చి మెట్ల మీద తొమ్మిది మంది కుర్రాళ్ళు. గోతాల నిండా సీసా మూతలు, చేత్తో తిప్పితే పాట వాయించే ఒక పెట్టె వాద్యం, ఒక పొడుగు టోపీ.

"ఒరేయ్, ఐలర్ట్ దొరికాడ్రా" అని అరిచాడు గడ్డం ఉన్నవాడు, వాడి పేరు బెరెండ్. "పొద్దున్నించీ ఊరంతా గాలించాం కదరా. గైడు గుంపులో దూరతావా వెధవా?"

"అక్కడైతే బ్రెమెన్ వాడి కోసం ఎవడు వెతుకుతాడ్రా" అన్నాడింకొకడు. "వీబ్కె గారూ, మీరు దేవతండీ."

దేవత అతని మోచెయ్యి వదిలేసింది. ఐలర్ట్ చేతికి, పుల్లలు అరిగి కర్ర మాత్రం మిగిలిన చీపురు ఇచ్చారు. నెత్తిన పొడుగు టోపీ పెట్టారు. మెట్ల మీద మూతలు గుమ్మరించారు. అతను ఆమె వైపు చూశాడు.

"మేలో నా పెళ్ళి జరగాల్సింది మేడమ్. జనవరిలో ఆ అమ్మాయి వద్దని వెళ్ళిపోయింది. నవ్విస్తే మర్చిపోతానని వీళ్ళ ఉద్దేశం."

ఊడవడం మొదలుపెట్టాడు. ఊడ్చిన మూతల్ని బెరెండ్ ఎప్పటికప్పుడు తీసుకెళ్ళి పై మెట్టు మీద పోశాడు. వాద్యం మోగుతూనే ఉంది. జల్లు వానగా మారింది. బజారులో ఉన్న ఆడపిల్లలంతా కాఫీ హోటళ్ళలోకి వెళ్ళిపోయారు. విడిపించడానికి ఎవరూ రాలేదు. ఐలర్ట్ మాటిమాటికీ మొహం తుడుచుకుంటున్నాడు. వాననీళ్ళే అయుండవచ్చు. వీబ్కెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. తోముడు గుడ్డ సంగతి విన్న రోజు తనకి ఎలా ఉందో ఆమె మర్చిపోలేదు.

గొడుగు మూసి, చకచకా మెట్లెక్కి, ఐలర్ట్ చెంప మీద ముద్దు పెట్టింది.

"అయిపోయింది. వదిలెయ్యండి."

బెరెండ్ తల గోక్కున్నాడు. "చెల్లదండి వీబ్కె గారూ. పెళ్ళి కాని వాళ్ళే పెట్టాలి. మీకు హిన్రిక్ గారున్నారుగా. మా నాన్న ఆయనతో కూర్చుని బీరు కూడా తాగానంటాడు."

కింద పదమూడు మొహాలు ఆమెనే చూస్తున్నాయి. వాటిలో ఒకటి పరీక్షకుడిది. అది ఎవరిదో ఆమెకి తెలియదు. చెయ్యి దానంతటదే బిళ్ళ మీదికి వెళ్ళింది.

"హిన్రిక్ లేడు" అంది.

"మళ్ళీ ఓడెక్కారా?"

"ఎక్కలేదు, దిగలేదు. అసలు పుట్టనేలేదు. ఈ పిడులు తోమలేక నేను పుట్టించాను. నాకు అరవై ఒకటి, పెళ్ళి కాలేదు. ఇప్పుడు చెల్లుతుందా?"

వాద్యం ఆగిపోయింది. బెరెండ్ పద్ధతి గల కుర్రాడు. "అయితే మీరు పిడులు తోమాలి కదండీ" అన్నాడు నెమ్మదిగా.

ఐలర్ట్ చీపురు పడేసి, వంగి, వీబ్కె చెంప మీద ముద్దు పెట్టాడు. "ఆవిణ్ణి కూడా వదిలెయ్యండ్రా" అన్నాడు.

మెట్లు దిగేసరికి పసుపు వానకోటావిడ చేతిలో గైడ్ల సంఘం కార్డు పట్టుకుని నిలబడి ఉంది. ఊరివాళ్ళయితే మొహమాటపడతారని సంఘం హాంబుర్గ్ నుంచి పరీక్షకురాలిని పిలిపించింది. వీబ్కె ఆ కార్డుని రెండుసార్లు చదివి, బిళ్ళ పిన్ను విప్పబోయింది.

"ఉంచండి" అంది ఆవిడ. "మీరు చెప్పిన అబద్ధం ఒక్కటి. పర్యటన ముగిసేలోపే మీరే దిద్దారు. దిద్దిన తప్పు లెక్కలోకి రాదు, నియమాల్లో ఉంది."

"గాడిద మాట?"

"అది స్థానిక ఆచారం. నిరూపణ అయింది." ఆవిడ గొడుగు తెరిచింది. "ఇకపై హిన్రిక్ గారి ప్రస్తావన మాత్రం ఉండకూడదు."

సోమవారం కొత్త గుంపు వచ్చింది. మళ్ళీ వాన. శిలువ రాయి దగ్గర వీబ్కె పదిహేను మంది కథ చెప్పింది, ఉమ్మడం గురించి చెప్పింది. "మా హిన్రిక్..." అని ఆగిపోయింది. అలవాటున నోరు ముందుకి నడిచింది కానీ, వెనక ఏమీ లేదు. అందరూ నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టుకుని చూస్తున్నారు.

"ఏమంటారమ్మా మీ ఆయన?" అంది ముందున్న ఒక ముసలావిడ.

"ఏమీ అనడు" అంది వీబ్కె. "పోయాడు."

"అయ్యో. ఎప్పుడు?"

"మొన్న శనివారం."

ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన వాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమంది ఉంటారు? ఏడవాలని వీబ్కె అనుకోలేదు, ఏడుపు దానంతటదే వచ్చింది. ముసలావిడ తన గొడుగు పక్కవాళ్ళకిచ్చి, వానలోనే దగ్గరికొచ్చి, వీబ్కె చేతిని రెండు చేతులతో పట్టుకుంది.